కమ్యూనిటీ కాలేజీలో ముందు రెమీడియల్ కోర్సు చదవాలా, నేరుగా స్టాటిస్టిక్స్‌లో చేరాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత నర్సింగ్ చదవాలన్న ఉద్దేశంతో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ డిగ్రీలు ఇచ్చే ప్రభుత్వ కాలేజీలో, దరఖాస్తు చేశాను. ఇంటర్మీడియట్ వరకు నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. పెళ్ళి, పిల్లలు, ఇల్లు అనుకుంటూ ఉండగానే పుస్తకం పట్టి పదిహేనేళ్ళు దాటిపోయింది. ఇక్కడి హైస్కూలు మార్కులు నాకు లేవు కనుక కాలేజీవారు ఒక ప్రశ్నావళి ఇచ్చి, ఏ కోర్సు తీసుకుంటారో మీరే ఆలోచించుకుని చెప్పమన్నారు. దానిని నింపిన తరువాత, ట్రాన్స్‌ఫర్ స్థాయి (తరువాత నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి మారినప్పుడు లెక్కకు వచ్చే స్థాయి) స్టాటిస్టిక్స్‌లోను, ట్రాన్స్‌ఫర్ స్థాయి ఇంగ్లీషు కాంపోజిషన్‌లోను, అంటే వ్యాసరచనలోను, నేరుగా చేరవచ్చని, రెండింటికీ తోడుగా సహాయక తరగతి ఉంటుందని సూచన వచ్చింది.

ఈ సూచన చూసి నాకు సంతోషం కంటె భయమే ఎక్కువ కలిగింది. భిన్నాలు, శాతాలు తడుముకుంటూనైనా చేయగలను గాని, బీజగణితంలో చిన్న సమీకరణాలు దాటి ముందుకు పోలేను. ఇంగ్లీషు మాట్లాడగలను, చదవగలను, కాని నాలుగు పేజీల వ్యాసం ఎన్నడూ రాయలేదు. చాలా కాలం క్రితం ఇదే కాలేజీలో చదివిన మా స్నేహితురాలు, అప్పట్లో ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి అంకగణితం నుంచి మెట్టు మెట్టుగా పైకి తీసుకువెళ్ళేవారని, పునాది లేకుండా పైఅంతస్తు కట్టవద్దని నాకు గట్టిగా చెబుతోంది. కౌన్సెలరేమో అటువంటి రెమీడియల్ కోర్సులు, అంటే పునాది పాఠాలు మళ్ళీ నేర్పే కోర్సులు, ఇప్పుడు దాదాపు లేవన్నారు.

నా సందేహాలు ఇవి. ఆ కోర్సులను ఎందుకు తీసివేశారు? ఖర్చు తగ్గించుకోవడానికేనా? నాలాగా సిద్ధంగా లేనివారు నేరుగా కాలేజీ స్థాయి కోర్సులో చేరి నిలబడగలరా? ఇంగ్లీషు విషయంలో ముందు ఇ.ఎస్.ఎల్. (ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఆ భాష నేర్పే కోర్సు) తీసుకోవడం మంచిదా? ఈ రంగంలో అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞురాలిని.

సమాధానం 1 (కమ్యూనిటీ కాలేజీ గణిత అధ్యాపకుడు)

మీ స్నేహితురాలు చెప్పిన పద్ధతి వినడానికి ఎంతో సహేతుకంగా ఉంటుందండి. నాతోటి అధ్యాపకులలో చాలామంది దానిని చిత్తశుద్ధితో నమ్మి, ఆ తరగతులను శ్రద్ధగా బోధించారు. అయితే ఆ మెట్ల వరుసలో అడుగుపెట్టినవారు చివరికి ఎక్కడ తేలారో లెక్క తీసినప్పుడు కనిపించిన దృశ్యం వేరు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. ప్రవేశానికి వడపోత లేదు కాబట్టి, వచ్చినవారిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తేల్చడానికి అక్యుప్లేసర్, కంపాస్ వంటి పరీక్షలు వాడేవారు. అందులో వచ్చిన మార్కును బట్టి అంకగణితం, ప్రీ ఆల్జీబ్రా, ఎలిమెంటరీ ఆల్జీబ్రా, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా అనే వరుసలో ఎక్కడో ఒకచోట చేర్చేవారు. ఇవి సాధారణంగా డిగ్రీకి లెక్కకు రావు. అడుగున మొదలుపెట్టినవారు రెండేళ్ళ వరకు చదివినా కాలేజీ గణితం గడప తొక్కని సందర్భాలు ఉండేవి.

ఒక ఊహాజనితమైన లెక్క చూడండి. కాలేజీ గణితానికి ముందు మూడు కోర్సులు ఉన్నాయనుకుందాం. ప్రతి కోర్సులోను నూటికి 70 మంది ఉత్తీర్ణులవుతారని, ఉత్తీర్ణులైనవారిలో నూటికి 80 మంది తరువాతి కోర్సులో చేరతారని అనుకుందాం. ఈ రెండూ చెడ్డ అంకెలేమీ కావు. అయినా 100 మందితో మొదలుపెడితే, చివరికి కాలేజీ గణితం పూర్తిచేసేది 12 మందే. ఏ ఒక్క అధ్యాపకుడూ సరిగా బోధించకపోవడం వల్ల గాని, ఏ ఒక్క విద్యార్థీ సోమరిగా ఉండడం వల్ల గాని జరిగేది కాదిది. మెట్లు ఎక్కువ కావడం వల్లనే జరుగుతుంది. పని వేళలు మారడం, బిడ్డకు జబ్బు చేయడం, కారు చెడిపోవడం వంటివి ఏ సెమిస్టర్ చివరనైనా రావచ్చు. ప్రతి విరామం ఒక నిష్క్రమణ ద్వారమే.

కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో కమ్యూనిటీ కాలేజీల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉంది. 2010లో అక్కడి పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గణితంలో రెమీడియల్ కోర్సులకు పంపిన విద్యార్థులలో ఆ వరుసను పూర్తిచేసినవారు దాదాపు మూడో వంతు మాత్రమే. చదవడానికి సంబంధించిన కోర్సుల్లో సగానికి కొంచెం తక్కువ. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. వరుస మధ్యలో మాయమైనవారిలో, పరీక్ష తప్పి ఆగినవారికంటె మొదటి కోర్సులోనో తరువాతి కోర్సులోనో అసలు చేరకుండా పోయినవారే ఎక్కువ. ఆ తరువాత 2012లో అదే కేంద్రం నుంచి వచ్చిన మరో అధ్యయనం ప్లేస్‌మెంట్ పరీక్షలనే తూచింది. గణితంలో సుమారు నాలుగో వంతు మందిని, ఇంగ్లీషులో సుమారు మూడో వంతు మందిని ఆ పరీక్షలు చాలా తప్పు స్థాయిలో కూర్చోబెడుతున్నాయని అది తేల్చింది. గంటసేపటి పరీక్షకంటె హైస్కూలు నాలుగేళ్ళ సగటు మార్కులే మెరుగైన సూచిక అని కూడా వెల్లడైంది. కంపాస్ పరీక్షను దాని నిర్వాహక సంస్థే 2016లో ఉపసంహరించుకుంది.

కాబట్టి ఖర్చు తగ్గించుకోవడానికే తీసివేశారనడం సరికాదు. ఫ్లోరిడా 2013లో చేసిన చట్టంతో అక్కడి ప్రభుత్వ హైస్కూళ్ళలో ఇటీవల చదివిన చాలామందికి ప్లేస్‌మెంట్ పరీక్ష, రెమీడియల్ కోర్సు తప్పనిసరి కాకుండా పోయాయి. టెనెసీ 2015లో రాష్ట్రమంతటా కోరిక్విజిట్ పద్ధతికి, అంటే అసలు కోర్సుతో పాటు అదే సెమిస్టర్‌లో సహాయక తరగతి నడిపే పద్ధతికి మారింది. టెక్సస్ 2017లో చట్టం చేసి క్రమక్రమంగా అమలు చేసింది. కాలిఫోర్నియాలో 2017లో ఆమోదం పొందిన ఎ.బి. 705 చట్టం, విద్యార్థి ఒక ఏడాదిలోపు ట్రాన్స్‌ఫర్ స్థాయి ఇంగ్లీషు, గణితం పూర్తిచేసే అవకాశం గరిష్ఠంగా ఉండేలా చూడాలని కాలేజీలను ఆదేశించింది. 2022లో వచ్చిన ఎ.బి. 1705 దానిని మరింత బిగించింది. మీ కౌన్సెలర్ చెప్పినదానికి నేపథ్యం ఇది.

మీ రెండవ సందేహానికి న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం సూటిగా జవాబిస్తుంది. 2013లో అక్కడి మూడు కమ్యూనిటీ కాలేజీలలో, ఎలిమెంటరీ ఆల్జీబ్రా అవసరమని తేలిన విద్యార్థులను లాటరీ తీసినట్లు మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఆ ఆల్జీబ్రా, ఒక వర్గానికి ఆల్జీబ్రాతో పాటు వారానికొక వర్క్‌షాప్, మూడవ వర్గానికి నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌తో పాటు వర్క్‌షాప్ ఇచ్చారు. ఆల్జీబ్రాలో 39 శాతం, వర్క్‌షాప్ కలిపిన ఆల్జీబ్రాలో 45 శాతం ఉత్తీర్ణులు కాగా, స్టాటిస్టిక్స్‌లో 56 శాతం ఉత్తీర్ణులయ్యారు. పైగా వీరికి డిగ్రీకి లెక్కకు వచ్చే కాలేజీ క్రెడిట్ కూడా చేతికి వచ్చింది. మూడేళ్ళ తరువాత చూసినప్పుడు పట్టా అందుకున్నవారు కూడా ఈ వర్గంలోనే ఎక్కువ.

నర్సింగ్‌కు వెళ్ళేవారికి స్టాటిస్టిక్స్ ఉపయోగం వేరే చెప్పనవసరం లేదు. అందులో కావలసిన బీజగణితం మీరు భయపడుతున్నంత లేదు. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టడానికి తీసివేత, వర్గం, కూడిక, భాగహారం, వర్గమూలం వస్తే చాలు. అయితే ఇక్కడే సహాయక తరగతి విలువ తెలుస్తుంది. నా తరగతిలో ఏటా కనిపించే ఒక ఇబ్బంది చెబుతాను. 0.032 పెద్దదా, 0.05 పెద్దదా అని అడిగితే, 32 అనేది 5 కంటె పెద్దది కనుక మొదటిదే పెద్దదని కొందరు విద్యార్థులు రాస్తారు. పరికల్పన పరీక్షలో, అంటే ఒక ఊహను సేకరించిన అంకెలతో సరిచూసే పద్ధతిలో, చివర వచ్చిన సంఖ్యను 0.05 వంటి హద్దుతో పోల్చాలి. ఆ తర్కమంతా వారికి అర్థమైనా, చివరి పోలికలో తప్పటడుగు వేసి నిర్ణయాన్ని తలకిందులు చేస్తారు. పాత పద్ధతిలో వీరిని అంకగణితానికి పంపి, దశాంశాల మీద కొన్ని వారాలు గడిపి, రెండేళ్ళ తరువాత స్టాటిస్టిక్స్‌కు తెచ్చేవాళ్ళం. అప్పటికి మళ్ళీ మరిచిపోయేవారు. ఇప్పుడు ఆ పాఠానికి ముందురోజు సహాయక తరగతిలో సంఖ్యారేఖ గీసి, దశాంశాలను దాని మీద గుర్తించి, మరునాడే వాటిని వాడిస్తాను. అవసరం కళ్ళ ముందు ఉన్నప్పుడు నేర్చుకున్నది నిలుస్తుంది. మీరు ధైర్యంగా చేరండి.

సమాధానం 2 (ట్యూటరింగ్ కేంద్రంలో పనిచేస్తున్నవారు)

పై సమాధానంలోని అధ్యయనాల వివరాలతో నాకు విభేదం లేదు. పాత మెట్ల వరుసను తిరిగి తేవాలని కూడా నేను కోరడం లేదు. కాని ఆ అంకెల అవతల మిగిలిపోయినవారిని రోజూ చూసే స్థానంలో ఉన్నాను కాబట్టి మరొక వైపు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మళ్ళీ ఊహకే ఒక లెక్క తీసుకుందాం. పూర్వం 100 మందిలో 25 మందిని మాత్రమే నేరుగా కాలేజీ గణితంలోకి పంపితే 18 మంది ఉత్తీర్ణులయ్యారనుకోండి. ఇప్పుడు 100 మందినీ పంపితే 50 మంది ఉత్తీర్ణులయ్యారనుకోండి. చట్టాన్ని సమర్థించేవారు 18 నుంచి 50కి పెరిగిందంటారు. తరగతిలో నిలబడి బోధించేవారు ఉత్తీర్ణత 72 శాతం నుంచి 50 శాతానికి పడిపోయిందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, వాదన అందుకే తెగదు. నేను అడిగేది మిగతా 50 మంది సంగతి. వారిలో కొందరు పాత పద్ధతిలో కూడా గట్టెక్కేవారు కారు, ఒప్పుకుంటాను. అయితే పాత పద్ధతిలో వారు ఏదో ఒక చిన్న కోర్సు నెగ్గామన్న తృప్తితోనైనా వెళ్ళేవారు. ఇప్పుడు మొదటి సెమిస్టర్‌లోనే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టిక) మీద తప్పినట్లు చూపే ఎఫ్ గ్రేడుతో వెళుతున్నారు. రెండవసారి ప్రయత్నించమని నేను బతిమాలినా చాలామంది తిరిగి రారు.

టెనెసీ ఫలితాల మీద పరిశోధకులు జరిపిన విశ్లేషణలో, పరీక్ష కటాఫ్ మార్కుకు అటూ ఇటూ ఉన్న విద్యార్థులకు కోరిక్విజిట్ వల్ల మొదటి ఏడాదిలో కాలేజీ గణితం పూర్తిచేసే అవకాశం గణనీయంగా పెరిగింది. కాని డిగ్రీ పూర్తిచేయడంలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. కటాఫ్‌కు దగ్గరగా ఉన్నవారి గురించి చెప్పినది, భిన్నాల కూడిక కూడా రాని విద్యార్థికి అలాగే వర్తిస్తుందనడానికి లేదన్నది కూడా గమనించాలి.

అన్నిటికంటె పెద్ద తేడా సహాయక తరగతి నాణ్యతలో ఉంది. పై అధ్యాపకుడు చేస్తున్నట్లు రేపటి పాఠానికి నేడు సిద్ధం చేసే తరగతి ఒకటి. అసలు కోర్సుతో సంబంధం లేని వేరొక అధ్యాపకుడు, కంప్యూటర్ మీద అభ్యాసాలు చేయించి పంపే తరగతి మరొకటి. కాగితం మీద రెండింటికీ ఒకటే పేరు. నిజమైన సహాయం అంటే ఏమిటో న్యూయార్క్‌లో 2007లో మొదలైన ఏశాప్ కార్యక్రమం చూపింది. పూర్తికాల చదువు తప్పనిసరి చేసి, తక్కువమంది విద్యార్థులకు ఒక సలహాదారుని కేటాయించి, ఆర్థిక సహాయం తీరగా మిగిలిన ఫీజు భరించి, పుస్తకాలకు, ప్రయాణానికి కూడా తోడ్పడ్డారు. రెమీడియల్ అవసరం ఉన్న విద్యార్థుల మీద జరిపిన మూల్యాంకనంలో, మూడేళ్ళలో పట్టా పొందినవారు మామూలు విద్యార్థులలో 22 శాతం కాగా ఈ కార్యక్రమంలో 40 శాతం. ఖర్చు ఎక్కువే. కాని పట్టా ఒక్కింటికి అయ్యే ఖర్చు చూస్తే తగ్గింది. మెట్లు తీసివేయడం చౌక. చేయి పట్టుకుని నడిపించడానికి మనుషులు కావాలి, చట్టసభలు మొదటిదానికి చూపిన ఉత్సాహం రెండవదానికి చూపకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మీ విషయానికి వస్తే, శాతాలు చేయగలనంటున్నారు, ఎక్కడ ఆగిపోతారో మీకే తెలుసు. ఇవి మంచి లక్షణాలు. నా సలహా ఒక్కటే. చేరేముందు సహాయక తరగతిని కూడా అదే అధ్యాపకుడు బోధిస్తారా, ముఖాముఖి జరుగుతుందా, వారానికి ఎన్ని గంటలు అన్న మూడు సంగతులు కనుక్కోండి. మొదటి రెండింటికి కాదన్న సమాధానం వస్తే వేరే సెక్షన్ వెతకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. తరగతి పేరు చూసి నిర్ణయించుకోబోయాను గాని, లోపల ఏం జరుగుతుందో అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. గణితం విషయంలో కొంత ధైర్యం వచ్చింది. రెండు కోర్సులూ ఒకే సెమిస్టర్‌లో తీసుకోవాలా అన్నది, ఇంగ్లీషు సంగతి, ఒకవేళ తప్పితే ఆర్థిక సహాయం ఏమవుతుందన్నది ఇంకా తేలలేదు. పెల్ గ్రాంటుకు, అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనవసరం లేని సహాయానికి, దరఖాస్తు చేశాను.

సమాధానం 3 (విద్యార్థి ఆర్థిక సహాయ కార్యాలయంలో పనిచేసినవారు)

డబ్బు వైపు నుంచి చూసినా నేరుగా చేరడమే మీకు లాభం. ఫెడరల్ నిబంధనల ప్రకారం రెమీడియల్ కోర్సులకు 30 సెమిస్టర్ యూనిట్ల (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) వరకే సహాయం అందుతుంది. ఇ.ఎస్.ఎల్. కోర్సులు ఆ పరిమితిలోకి రావు. పెల్ గ్రాంటు జీవితకాలంలో 12 పూర్తికాల సెమిస్టర్లకు సమానమైనంతవరకే. డిగ్రీకి లెక్కకు రాని కోర్సులలో దానిని కరిగించుకుంటే, నర్సింగ్ అసలు కోర్సులకు వచ్చేసరికి కొరత పడవచ్చు. తరువాత నాలుగేళ్ళ డిగ్రీకి వెళ్ళాలనుకుంటే ఈ జాగ్రత్త మరీ అవసరం.

తప్పితే ఏమవుతుందన్నారు. సహాయం కొనసాగాలంటే సంతృప్తికరమైన పురోగతి చూపాలి. సాధారణంగా సగటు గ్రేడు నాలుగుకు 2.0 కంటె తగ్గకూడదు, ప్రయత్నించిన యూనిట్లలో సుమారు 67 శాతం పూర్తికావాలి. ఒక సెమిస్టర్ పట్టు తప్పితే చాలా కాలేజీలు ముందు హెచ్చరిక ఇస్తాయి, వెంటనే ఆపవు. కారణం చూపి అప్పీలు చేసుకునే వీలు కూడా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒకే కోర్సును మామూలుగా మూడుసార్ల వరకే ప్రయత్నించవచ్చు. మధ్యలో మానుకున్నప్పుడు వచ్చే డబ్ల్యు కూడా ఒక ప్రయత్నంగానే లెక్కకు వస్తుంది. భయం వేసి ఐదవ వారంలో మానేయడం ఖర్చులేని పని అనుకోవద్దు.

ఈ రాష్ట్రంలో నివాసులకు యూనిట్‌కు 46 డాలర్ల ఫీజు ఉంది, తక్కువ ఆదాయం ఉన్నవారికి అది కూడా మాఫీ అవుతుంది. యూనిట్లు ఇవ్వని నాన్‌క్రెడిట్ తరగతులకైతే ఫీజే లేదు. సెమిస్టర్ మొదలయ్యేలోపు సమయం ఉంటే, భిన్నాలు, దశాంశాలు మళ్ళీ తిరగేయడానికి ఒక నాన్‌క్రెడిట్ గణితం తరగతిలోనో, వయోజన విద్యాకేంద్రంలోనో కొన్ని వారాలు కూర్చోవచ్చు. దీనివల్ల మీ గ్రాంటు నుంచి ఒక్క డాలరు కూడా తరగదు.

సమాధానం 4 (ఇంగ్లీషు కాంపోజిషన్ అధ్యాపకురాలు)

ఇంగ్లీషు సంగతి నేను చెబుతానండి. రెమీడియల్ ఇంగ్లీషు, ఇ.ఎస్.ఎల్. ఒకటి కావు. మొదటిది ఇంగ్లీషు వచ్చినా కాలేజీ స్థాయి రాత అలవాటు లేనివారి కోసం. రెండవది ఒక కొత్త భాషను నేర్చుకుంటున్నవారి కోసం. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. ఇ.ఎస్.ఎల్. విద్యార్థులకు ట్రాన్స్‌ఫర్ స్థాయి ఇంగ్లీషు పూర్తిచేయడానికి ఒక ఏడాది బదులు మూడేళ్ళ గడువును ఎ.బి. 705 దృష్టిలో పెట్టుకుంది. కాబట్టి మీరు ఇ.ఎస్.ఎల్. ఎంచుకుంటే అది వెనక్కి వెళ్ళినట్లు కాదు. చదివినది అర్థమవుతూ, చెప్పదలచుకున్నది వాక్యాలుగా పెట్టగలిగి, వ్యాసం అల్లిక మాత్రమే తెలియకపోతే కాంపోజిషన్, సహాయక తరగతి చాలు. వాక్యం దగ్గరే తడబడుతుంటే ఒకటి రెండు సెమిస్టర్లు ఇ.ఎస్.ఎల్. రాత తరగతి మేలు చేస్తుంది. మీరే తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. పత్రికలో ఏదైనా ఇంగ్లీషు వ్యాసం చదివి, దానితో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారో ఒక పేజీ రాసి, రెండు విభాగాల అధ్యాపకులకూ చూపించండి. వారి ఆఫీసు గంటలు ఉన్నవే అందుకు.

సహాయక తరగతి ఎలా ఉండాలో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీవారు 2007లో మొదలుపెట్టిన నమూనా నుంచి చాలామందిమి నేర్చుకున్నాము. రెమీడియల్ అవసరమని తేలిన కొద్దిమందిని మామూలు విద్యార్థులతో కలిపి ఒకే కాంపోజిషన్ తరగతిలో కూర్చోబెట్టి, తరగతి ముగియగానే ఆ కొద్దిమందితో అదే అధ్యాపకుడు మరో తరగతి జరుపుతారు. అక్కడ వ్యాకరణ సూత్రాలు వల్లెవేయించడం ఉండదు. అప్పుడే ఇచ్చిన వ్యాసానికి ఎలా మొదలుపెట్టాలి, ఆధారాన్ని ఎక్కడ చేర్చాలి అన్న పనే జరుగుతుంది. పది మందే ఉండడం వల్ల ఎవరు రాకపోయినా తెలుస్తుంది. ఫోను చేసి ఎందుకు రాలేదని అడగగలుగుతాము. ఇంట్లో ఇబ్బంది, పని ఒత్తిడి, నాకు చేతకాదేమోనన్న దిగులు, వీటిలో ఏదైనా అక్కడ మాట్లాడుకోవచ్చు. నా అనుభవంలో వ్యాకరణం రాక ఆగిపోయినవారికంటె ఈ దిగులుతో ఆగిపోయినవారే ఎక్కువ.

రెండు కోర్సులూ ఒకేసారి తీసుకోవద్దని నా అభిప్రాయం. సహాయక తరగతులు కలిపితే వారానికి గంటలు బాగా పెరుగుతాయి. చదువుకు దూరమై ఇన్నేళ్ళయింది, ఇంట్లో పిల్లలున్నారు. తరువాత వచ్చే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ అన్నిటిలోను చదవడం, రాయడం విపరీతంగా ఉంటుంది కనుక ముందు ఇంగ్లీషు తీసుకుని, తరువాతి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ తీసుకోండి. ఈలోగా దశాంశాల పని నాన్‌క్రెడిట్ తరగతిలో అయిపోతుంది. అయితే సగం కాలపు చదువుకు పెల్ గ్రాంటు కూడా ఆ మేరకే వస్తుంది కాబట్టి, నమోదుకు ముందు ఆర్థిక సహాయ కార్యాలయంలో లెక్క వేయించుకోండి. సాయంత్రం సెక్షన్లు త్వరగా నిండిపోతాయి. రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా రావాలంటే ఓరియంటేషన్, విద్యా ప్రణాళిక రెండూ ఇప్పుడే పూర్తిచేసి పెట్టుకోండి.